అక్కతో వచ్చిన తొండ

మా బావ పోయిన కొన్నాళ్ళకు నాయనా నేనూ మద్రాసు వెళ్ళి అక్కను చిత్తూరుకు తీసుకొచ్చేశాం. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. అక్కతో పాటు వచ్చిన సామాను పెద్దగా లేదు. ఒక ట్రంకుపెట్టె, ఒక కుట్టుమిషను, పాత దుప్పట్లో చుట్టిన గాజుతొట్టి. ఆ తొట్టిలో ఒక తొండ.

బావకు మద్రాసులో రంగుచేపలు అమ్మే అంగడి ఉండేది. ఆయన పోయాక చేపలను, తొట్లను ఆయన అన్నలే ఎవరికో అమ్మేశారు. తొండను మాత్రం అక్క ఇవ్వలేదు. అది మన చేలగట్ల మీద తల ఊపే తొండ కాదు. ఆస్ట్రేలియా జాతిదట. అంగడికి వచ్చే ఒకాయన ఊరు వదిలి పోతూ, వేలంత పిల్లగా ఉన్నప్పుడు బావకు ఇచ్చి పోయాడు. మా ఇంటికి వచ్చేనాటికి తోకతో కలిపి మూరెడు ఉండేది. ఇసుక రంగు ఒళ్ళు, పక్కల వెంబడి మెత్తటి ముళ్ళు, గొంతు కింద గడ్డంలా వేలాడే గరుకు తోలు. బావ దాన్ని అబ్బోడు అని పిలిచేవాడట. అక్కా అట్లే పిలిచేది.

మాది బెల్లం మండీ నడిపే ఇల్లు. కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాని ఇల్లు. అలాంటి ఇంట్లోకి పురుగులు తినే ప్రాణి వచ్చిందని అమ్మ రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగింది. పక్కింటావిడ వచ్చి చూసి, తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటే ఇదే కాబోలని నవ్వి పోయింది. నాయన మాత్రం తొట్టి పెట్టడానికి వరండాలో బల్ల ఒకటి ఖాళీ చేయించి, పైన బల్బు తగిలించడానికి మేకు కొట్టాడు. అమ్మ ఏదో అనబోతే, "ఉండనీలే. దాన్ని కూడా ఈడ్నించి పొమ్మంటే ఆ బిడ్డకి ఇంగేముండాది?" అన్నాడు. ఆ మాట తర్వాత అమ్మ ఒక్క షరతు పెట్టింది. పురుగులు వంటింటి దిక్కు రాకూడదు.

దాని తిండికి పెద్ద తిప్పలేమీ పడలేదు. మునగాకు, తోటకూర, సన్నగా తరిగిన గుమ్మడికాయ, మందారపూలు. బెల్లం కొనడానికి నేను ఐరాల పక్క పల్లెలకు వెళ్ళినప్పుడు శెనక్కాయ చేలల్లో మిడతలు పట్టి డబ్బాలో వేసుకొచ్చేవాణ్ణి. గానుగల దగ్గర రైతులు ఎగతాళి చేసేవాళ్ళు, తర్వాత వాళ్ళే నాలుగు పట్టి ఇచ్చేవాళ్ళు. పొద్దున కాఫీ తాగాక అక్క దాన్ని మిద్దె మీదికి తీసుకుపోయి ఎండలో కూర్చోబెట్టేది. అది కళ్ళు సగం మూసి, ఒళ్ళు రొట్టెలా పరుచుకుని ఎండ కాగేది. అక్క పక్కనే కూర్చునేది. ఆ ఏడాదంతా అక్క మాతో మాట్లాడిన మాటలకన్నా దాంతో మాట్లాడినవే ఎక్కువ.

బావ ఎట్లా పోయాడో ఇక్కడ చెప్పాలి. ఆయనకు కడుపులో నొప్పి వచ్చింది. గ్యాసు అన్నాడు, సోడా తాగాడు, అంగడికి వెళ్ళాడు. నొప్పి తగ్గిందా అని అక్క అడిగినప్పుడల్లా తగ్గిందనే చెప్పాడు. ఇక నిలబడలేక పడిపోయాక ఆస్పత్రికి తీసుకుపోతే, లోపల పేగు పగిలి చీము పట్టిందన్నారు. ఆయన అన్నలు వచ్చి డాక్టర్లతో మాట్లాడారు, సంతకాలు పెట్టారు, ఆయన్ను ఆపరేషనుకు లోపలికి పంపారు. అక్క వరండాలో బెంచీ మీద కూర్చునే ఉంది. ఏం జరుగుతోందో, ఏం చేయబోతున్నారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆయన మళ్ళీ లేవలేదు.

అక్క వచ్చిన రెండో ఎండాకాలంలో తొండకు జబ్బు చేసింది. మొదట జబ్బని మాకు తెలియలేదు. తొట్టి మూలలో ముందుకాళ్ళతో గాజును గీకడం మొదలుపెట్టింది. పొద్దస్తమానం అదే పని. బయటికి రావాలని మారాం చేస్తోందనుకుని అక్క దాన్ని తీసి వరండాలో వదిలేది. అది నేరుగా గోడమూలకు పోయి గచ్చును గీకేది. గోళ్ళ చప్పుడు వింటూ అమ్మ, ఎండలు ముదిరినాయి కదా, దానికీ చిరాగ్గా ఉంటుందని అంది. నాకూ అదే నిజమనిపించింది.

తర్వాత తిండి తగ్గించింది. మందారపువ్వు కళ్ళ ముందు పెట్టినా తల తిప్పుకునేది. వదిలిన మిడత వీపు మీదికి ఎక్కి కూర్చున్నా తొండ కదల్లేదు. ఒక పొద్దున నేను మండీకి బయల్దేరుతుంటే అక్క మిద్దె మీంచి పిలిచింది. పైకి వెళ్ళి చూస్తే దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఉంది. గొంతు కింద గడ్డం బొగ్గులా నల్లబడింది. కోపం వచ్చినప్పుడు కాసేపు అట్లా నల్లబడడం నేను చూశాను. కానీ అప్పుడు దానికి కోపం వచ్చే పనేమీ జరగలేదు.

"నిన్న మద్దేనం నుంచి ఇట్లే ఉండాది," అంది అక్క. "కడుపు పట్టి సూడు."

వేలితో మెల్లగా తాకాను. రెండు పక్కలా ఉబ్బి, తోలు కింద గట్టిగా గడ్డలు గడ్డలుగా తగిలాయి. నేల మీద పెడితే ముందుకాళ్ళతో ఒళ్ళు లాక్కుంటోంది. వెనక కాళ్ళు సరిగా ఆనడం లేదు.

రేపు చూద్దాం అన్నాను. మండీలో ఆ రోజు బండ్లు దిగుతున్నాయి. అక్క నా ముఖంలోకి చూసింది. ఆమె గొంతు పెంచలేదు.

"ఆయనకీ రేపు సూద్దామనే అనుకున్న్యాం. ఇది నోరులేంది, తగ్గిందని అబద్ధమైనా సెప్పదు. ఈ పొద్దే పోదాం పా."

చిత్తూరు పశువుల ఆస్పత్రి డాక్టరు మాకు తెలిసినవాడే. అక్క ఒళ్ళో ఉన్నదాన్ని చూసి ఆయన మొదట కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. తర్వాత దగ్గరికి వచ్చి, గడ్డలు తడిమి, నోరు తెరిచి చూసి, ఆవులూ మేకలూ తప్ప ఇలాంటి ప్రాణి మీద తాను ఏనాడూ చెయ్యి వేయలేదని ఉన్నదున్నట్టు చెప్పాడు. తెలియని మందు వేసి ప్రాణం తీయలేనన్నాడు. తిరుపతిలో పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది, అక్కడ పక్షులనూ పాములనూ కూడా చూసే డాక్టరమ్మ ఒకామె ఉంది, ఆలస్యం చేయకుండా అక్కడికి తీసుకెళ్ళమన్నాడు. దారిలో చల్లబడనివ్వొద్దని, కుదుపులు తగలనివ్వొద్దని చెప్పి పంపాడు.

ఇంటికొచ్చి వెదురుబుట్టలో తువ్వాలు పరిచాం. వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాం. బయల్దేరే ముందు అమ్మ చీర మార్చుకుని వచ్చి గడపలో నిలబడింది. నువ్వెక్కడికి అని నేనడిగితే, తిరుపతిలో చెల్లెల్ని చూసి చాలా రోజులైందని ఏదో చెప్పి బస్సెక్కేసింది. దారి పొడుగునా అక్క బుట్టను ఒళ్ళోంచి దించలేదు. పాకాల దగ్గర బస్సు గుంతలో పడి ఎగిరినప్పుడు అమ్మ చెయ్యి కూడా బుట్ట అంచును పట్టుకోవడం చూశాను. ఎదుటి సీటాయన అందులో ఏముందని అడిగాడు. ఒంట్లో బాగలేదు, ఆస్పత్రికి తీసుకుపోతున్నామని అమ్మే చెప్పింది. ఏమిటో చెప్పలేదు, ఆయనా మళ్ళీ అడగలేదు.

డాక్టరమ్మ నడివయసు మనిషి, మితంగా మాట్లాడుతుంది. దాన్ని చేతిలోకి తీసుకుని తోక కింద చూసింది, కడుపు తడిమింది. ఎన్నాళ్ళ నుంచి తినడం లేదు, గీకడం ఎప్పుడు మొదలుపెట్టింది, తొట్టిలో కింద ఏం పరిచారు అని ఒక్కొక్కటీ అడిగింది. అడుగున పాత పేపరు పరుస్తామని అక్క చెప్పింది. ఎక్స్‌రే తీయించారు. తడి ఆరని ఫిల్ము కిటికీ వెలుగుకు పెట్టి మమ్మల్ని పిలిచింది. దాని కడుపు నిండా గుండ్రటి నీడలు, ద్రాక్షగుత్తిలా.

"ఇది మగది కాదమ్మా, ఆడది. ఇవన్నీ గుడ్లు."

అక్క కాసేపు ఆ ఫిల్ము కేసే చూసింది. మగతోడు లేకుండా గుడ్లెట్లా వస్తాయని అడిగింది. పుంజు లేకపోయినా కోడి గుడ్లు పెడుతుంది కదా, ఇదీ అంతే, కాకపోతే వీటిలోంచి పిల్లలు రావని డాక్టరమ్మ చెప్పింది. అది గాజును గీకింది బయటికి పోవాలని కాదట, గుడ్లు పెట్టడానికి గుంత తవ్వుకోవాలని. తవ్వుకునే మన్ను దొరక్క గుడ్లను కడుపులోనే ఆపుకుంది. ఒంట్లో సున్నం, అంటే కాల్షియం, చాలక కండరాలు నీరసపడి, ఇప్పుడు పెట్టాలన్నా పెట్టలేకపోతోంది. లోపలే ఉండిపోతే కుళ్ళి ప్రాణం పోతుంది.

అప్పుడామె రెండు దారులున్నాయంది. ఒకటి, కాల్షియం ఎక్కించి, కానుపు నొప్పులు తెచ్చే ఇంజెక్షను ఇచ్చి, తడి ఇసుకలో వదిలి రేపటి వరకు చూడడం. రెండోది, ఇప్పుడే కోసి తీయడం. ఈ జాతికి తాను ఆ ఆపరేషను ఎప్పుడూ చేయలేదని, మత్తులోంచి లేవకపోవచ్చని దాచకుండా చెప్పింది. మొదటి దారిలోనూ ప్రమాదం లేకపోలేదు. గుడ్డు లోపల పగిలితే చేయగలిగింది తక్కువ.

"మీరు చెప్పండమ్మా, ఏం చేద్దాం?" అని అక్కనే అడిగింది.

అక్క నా వైపు తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడి డాక్టరమ్మను మళ్ళీ ఒకసారి అన్నీ అడిగింది. ఇంజెక్షనుకు నొప్పి ఉంటుందా, రేపటి దాకా ఆగితే కోసే వీలు పోతుందా, ఇసుక ఎంత లోతు ఉండాలి. అన్నిటికీ జవాబులు విన్నాక మొదటిదే చేయమంది. రేపటికి కాకపోతే కోయమంది. తర్వాత నా వైపు చూసి నెమ్మదిగా అంది:

"ఆ పొద్దు ఆస్పత్రిలో నన్నెవురూ అడగలే రా. అడిగింటే ఏం సెప్పింటానో ఇప్పటికీ తెలీదు. కానీ అడిగింటే బాగుండు."

అమ్మ అక్క వీపు మీద చెయ్యి వేసి అట్లే ఉంచింది.

కాల్షియం ఎక్కించి ఇంజెక్షను వేశాక, తొండను అలిపిరికి పోయే దారిలో ఉన్న చిన్నమ్మ వాళ్ళింటికి తీసుకుపోయాం. నేను స్వర్ణముఖి ఏట్లోంచి ఇసుక తెచ్చాను. చిన్నమ్మ బట్టలు నానబెట్టే పెద్ద టబ్బులో మోచేతి లోతు పోసి, పిడికిలి పడితే ముద్ద కట్టేంత తడి చేశాం. మిద్దె మీద రేకుల షెడ్డులో, ఎండ సెగ తగిలేచోట పెట్టి దాన్ని అందులో వదిలాం. అక్క, నేను, చిన్నమ్మ, చిన్నమ్మ మామగారు, అందరం చుట్టూ నిలబడ్డాం. అది కదల్లేదు. కడుపు ఎగసిపడుతోంది, నోరు కొంచెం తెరుచుకుంది. చాలాసేపు అట్లే ఉంది.

కిందనుంచి అమ్మ దుప్పటి పట్టుకుని వచ్చింది.

"కానుపు కాడ ఇంతమంది నిలబడి సూస్తా ఉంటే యాడ కంటాది అది? అందరూ అవతలికి పోండి."

దుప్పటి టబ్బు మీద సగం కప్పి మమ్మల్నందరినీ మెట్ల దగ్గరికి తరిమింది. అక్కను మాత్రం ఉండమంది, తాను పక్కన కూర్చుంది. అక్క వచ్చినప్పటి నుంచి ఆ ప్రాణిని తాకని మనిషి మా అమ్మ. నేను మెట్ల మీద కూర్చుని వింటున్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత ఇసుక రాలే చిన్న చప్పుడు. ఆగింది. మళ్ళీ వచ్చింది. ఈసారి ఆగకుండా వచ్చింది. తవ్వుతోందని అక్క చేత్తో సైగ చేసింది.

పొద్దు కొండల వైపు వాలేలోగా అది గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కోదానికి చాలా సమయం పట్టింది. మధ్యలో తల ఇసుక మీద వాల్చేసినప్పుడు అంతా అయిపోయిందనే అనుకున్నాం. అక్క డాక్టరమ్మ ఇచ్చిన చక్కెర నీళ్ళు ఒక్కో చుక్క దాని మూతి మీద వేసింది. అది నాలుకతో నాకింది. అమ్మ గొంతు మెల్లగా వినబడింది. "ఇంగొంచెం అమ్మణ్ణీ. ఇంగొంచెమే."

దాన్ని అమ్మణ్ణి అని పిలవడం అదే మొదలు. అక్క తల ఎత్తి అమ్మను చూసింది. ఆ రోజు తర్వాత అబ్బోడు అన్న పేరు మా ఇంట్లో మెల్లగా పోయింది.

చివరికి అది గుంతలోంచి పైకి వచ్చి, వణికే కాళ్ళతో, మూతితో, ఇసుకను వెనక్కి తోసి గుంతను పూడ్చింది. నిలబడే ఓపిక లేని ప్రాణి ఆ పని మాత్రం వదల్లేదు. పిల్లలు రాని గుడ్లని దానికి తెలియదు. అంతా పూడ్చి, ఇసుకను తలతో అదిమి, అక్కడే పడుకుంది. గడ్డం మీద నలుపు విడవడం మొదలైంది.

మరుసటి పొద్దున ఎక్స్‌రేలో కడుపు ఖాళీగా ఉంది. వెనక కాళ్ళలో ఒకటి పూర్తిగా బాగవదేమోనని, సున్నం తగ్గకుండా చూసుకోమని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో ఎప్పుడూ ఇసుక టబ్బు ఒకటి ఉంచమంది. గీకడం మొదలుపెట్టిన రోజే అందులో వదలాలి, ఆకలి మందగించేదాకా ఆగకూడదు. గడ్డం నల్లగా ఉండిపోయినా, కాళ్ళు ఈడ్చినా వెంటనే తీసుకురావాలి. అక్క ప్రతి మాటా మళ్ళీ తాను చెప్పి సరిచూసుకుంది. తిరిగి వచ్చే ముందు ఆ గుడ్లను ఇసుకలోంచి తీసింది. మెత్తటి తోలుతో, బొటనవేలంత ఉన్నాయి. కాసేపు చేతిలో పెట్టుకుని, చిన్నమ్మ పెరట్లో మామిడిచెట్టు కింద తవ్వి పెట్టేసింది.

కోలుకోవడానికి చాలా వారాలు పట్టింది. మొదట్లో అక్క గుమ్మడికాయ గుజ్జు వేలికి రాసి మూతికి అందించేది. మునగాకు రసంలో కాల్షియం మందు కలిపి పట్టేది. ఒకరోజు నేను తెచ్చిన మిడతను అది తానే పరుగెత్తి పట్టుకుంది. కుంటుతూనే పరుగెత్తింది. అక్క నవ్వడం నేను చాలా కాలం తర్వాత చూశాను. పురుగు సంగతని అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది గానీ, తిందా లేదా అని తర్వాత నన్నడిగింది.

అక్క మనుషుల్లో పడడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. ఇదే కారణమని నేను చెప్పలేను. నాయనకు మోకాళ్ళ నొప్పులు వచ్చి మండీలో ఎక్కువసేపు నిలబడలేకపోయేవాడు. ఒకరోజు అక్కే వచ్చి తూకం దగ్గర కూర్చుంది. మరుసటి రోజూ వచ్చింది. రైతులు మొదట నాయన కోసం వెతికేవాళ్ళు, తర్వాత ఆమె దగ్గరికే పోయేవాళ్ళు. ఎవరైనా దగ్గుతూనో ముఖం పీక్కుపోయో కనబడితే ఆమె ఊరుకునేది కాదు. ఒంట్లో ఎట్లుంది, ఎన్నాళ్ళుగా అట్లుంది అని వరసగా అడిగి, ఆస్పత్రికి పోతానని మాట తీసుకునే పంపేది.

తర్వాతి ఏడాది తొండ మళ్ళీ గీకింది. ఆ పూటే అక్క దాన్ని ఇసుక టబ్బులో వదిలింది. అమ్మ దుప్పటి కప్పింది. ఈసారి తిరుపతి పోవాల్సిన పని పడలేదు.

ఆ తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. కార్తీకమాసం చలిలో అది నెమ్మదించింది. పగలంతా నిద్ర. తిండి మీద ధ్యాస లేదు. అక్క కడుపు తడిమి చూసింది, గడ్డలేమీ లేవు. గీకడమూ లేదు. గడ్డం నల్లబడలేదు. ఊపిరి మాత్రం పొడుగ్గా, ఆగి ఆగి వస్తోంది. ఫోనులో అక్క డాక్టరమ్మకు అన్నీ వివరంగా చెప్పింది. వయసు మీద పడినట్టుందని, తీసుకొస్తే పరీక్షలు చేయగలను గానీ ఈ చలిలో ప్రయాణమే దానికి పెద్ద కష్టమని డాక్టరమ్మ అంది. ఆలోచించుకోమంది.

అక్క ఆ పూటంతా ఆలోచించింది. మమ్మల్ని అడగలేదు, మేమూ చెప్పలేదు. చివరికి అమ్మతో అంది: "తీసకపోనమ్మా. ఇప్పుడు దానికి కావాల్సింది వెచ్చదనమే. అది ఈడే ఉండాది."

ఎండ వచ్చినంతసేపూ మిద్దె మీద ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఎండ తగ్గితే గుడ్డలో చుట్టి లోపలికి తెచ్చేది. ఒక మధ్యాహ్నం అన్నానికి అమ్మ పిలిస్తే, కాసేపుండి వస్తానని పైనుంచి చెప్పింది. చాలాసేపటి తర్వాత దిగి వచ్చింది. చేతుల్లో గుడ్డ మూట ఉంది. అయిపోయిందని చెప్పింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు నిలకడగానే ఉంది. నొప్పి పడలేదనీ, ఎండ కాగుతూనే పోయిందనీ అంది.

నాయన మోకాళ్ళ నొప్పితోనే పెరట్లో గుంత తవ్వాడు. నేను తవ్వుతానంటే పార ఇవ్వలేదు. అమ్మ నాలుగు మందారపూలు తెచ్చి వేసింది. మన్ను పూడ్చాక అందరం కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాం. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. పొద్దున వండిన అన్నంలోనే మజ్జిగ పోసుకుని తిన్నాం.

మరుసటి పొద్దున నాయన బండి స్టార్టు చేసి గేటు దగ్గర నిలబడ్డాడు. వస్తావా అని అడగలేదు, పోతున్నానని చెప్పనూ లేదు. ఊరికే నిలబడ్డాడు. కాసేపటికి అక్క చెప్పులేసుకుని వచ్చి, బండి వెనక కూర్చుంది. ఇద్దరూ మండీకి వెళ్ళిపోయారు.